కాళ్ళు కడుక్కునే పుంజు

మా పక్కింటి రమాసుందరి గారికి కలలు ఎక్కువ. రాత్రి వచ్చేవి సరే, పట్టపగలు కళ్ళు తెరుచుకుని కనేవి ఇంకా ఎక్కువ. పొయ్యి మీద పాలు పెట్టి, కిటికీలోంచి కానుగ చెట్టు కేసి చూస్తూ నిలబడిందంటే ఇక అంతే. పాలు పొంగి, మాడి, ఆ వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చాక, నేను "రమగారూ, పాలు!" అని అరిస్తే తప్ప ఆవిడ ఈ లోకంలో పడదు. అరిచినందుకు కోపం కూడా తెచ్చుకోదు. "ఎంత మంచి గాలి వస్తోందో చూశారా సరోజిని గారూ" అంటుంది. అలాంటి మనిషితో ఎవరైనా పోట్లాడగలరా?

నాకు కలలు రావు. పెనుగొలనులో పొలం గట్ల మీద పెరిగిన ఒళ్ళు, మంచం మీద వాలితే మొద్దు నిద్ర. అందుకే ఆవిడ కలలంటే నాకు మొదట నవ్వులాట, తర్వాత అలవాటు, ఆ తర్వాత వినకపోతే తోచని స్థితి. ఒక రోజు కలలో బావి నిండా మల్లెపూలున్నాయట. ఇంకో రోజు వాళ్ళ పుట్టినూరు నెమలిలో వీధులన్నీ పాలరంగు పొగమంచుతో నిండిపోయి, ఆవిడ అందులో ఈదుకుంటూ బడికి వెళ్ళిందట. చెప్పేటప్పుడు ఆవిడ గొంతు సగానికి తగ్గిపోతుంది, పసిపిల్ల నిద్రలేస్తుందేమో అన్నట్టు.

కల రాగానే ఎవరికైనా చెప్పుకోవాలి, లేకపోతే చెదిరిపోతుందని ఆవిడ బాధ. చెప్పుకోవడానికి ఎవరున్నారు? భర్త రాధాకృష్ణమూర్తి గారు మా తిరువూరులోనే గుడి అర్చకులు. ఊరంతా పంతులుగారనే పిలుస్తుంది. చీకటితో లేచి స్నానం చేసి మడి కట్టుకుంటారు. గుడికి వెళ్ళేదాకా మంత్రమే తప్ప మాట ఉండదు. తిరిగొచ్చేది మిట్టమధ్యాహ్నం. అప్పటికి కల ఎక్కడుంటుంది? నేను లేచేది తెల్లారాక, చెదరగా మిగిలిందే నాకు దక్కేది. అందుకని ఇన్నేళ్ళ కాపురంలో రమగారు తన కలల్ని తులసికోటకీ, కుళాయికీ, కానుగ చెట్టుకీ చెప్పుకుంటూ వచ్చింది. ఆ తర్వాత గులాబి వచ్చింది.

గులాబి అంటే కోడిపుంజు. ఇప్పుడు తెల్లగా మల్లెచెండులా ఉంటుంది గానీ, వచ్చినప్పుడు నిజంగా గులాబీ రంగే. బస్టాండు దగ్గర ఒకతను వెదురుగంపలో రంగులు పూసిన కోడిపిల్లల్ని పెట్టుకుని అమ్ముతున్నాడు. దీపారాధన వత్తులు కొనడానికి వెళ్ళిన రమగారు కొంగులో ఏదో చుట్టుకొచ్చింది. పూలేమో అనుకున్నాను. కొంగు విప్పితే కీచుమంది.

"రమగారూ! మీ ఇంట్లోకి ఉల్లిపాయ కూడా అడిగి రావాలే! ఇదేంటండీ?" అన్నాను.

"రాత్రి కలలో ఈ రంగే కనిపించిందండీ," అంది, అదేదో రసీదు చూపించినట్టు.

పంతులుగారు గుడి నుంచి వచ్చే వేళకి నేను గోడ దగ్గరే ఉన్నాను. ఎందుకు అబద్ధం చెప్పాలి, చూద్దామనే ఉన్నాను. ఆయన గేటు పక్కనున్న కుళాయి దగ్గర రోజూలాగే చెప్పుల్లేని కాళ్ళు కడుక్కున్నారు. తలెత్తి, భార్య అరచేతిలో ఉన్న ఆ గులాబీ ముద్దని చూశారు. చాలాసేపు చూశారు. "కాళ్ళు కడిగి లోపలికి తీసుకురా," అని ఆయన ఇంట్లోకి వెళ్ళిపోయారు.

అంతే. ఆ ఇంట్లో కోడిపిల్లకి చోటు దొరికిన మాట అదే, దాని మెడకి పడిన కట్టుబాటూ అదే.

రంగు వెలిసిపోయింది, పేరు మిగిలింది. ఆ రంగుపిల్లలు బతకవని నేను చెబుతూనే ఉన్నాను, అది నా మాట లెక్కచెయ్యకుండా పెరిగి, తురాయి తెచ్చుకుని, తెల్లవారుజామున నా నిద్ర చెడగొట్టడం మొదలుపెట్టింది. ఆ కూత అవగానే గోడ అవతల రమగారి గొంతు సన్నగా వినపడేది. కల చెబుతోందన్నమాట. మధ్యమధ్య పుంజు "కొక్" అనేది. నేను తిట్టుకుంటూ అటు తిరిగి పడుకునేదాన్ని, కానీ ఒక చెవి ఇటే ఉండేది.

ఇంతకీ దాని ఘనత వేరే. పెరట్లో తిరిగి ఇంట్లోకి రాబోయే ప్రతిసారీ రమగారు దాని కాళ్ళు కడిగేది. మధ్యాహ్నం పంతులుగారు కుళాయి దగ్గర నిలబడితే, ఆయన పక్కన ఇదీ నిలబడేది. చూసి చూసి నేర్చుకుంది. కుళాయి కింద ముందు కుడి కాలు ఎత్తి పట్టుకుంటుంది. నీళ్ళు పోస్తే ఎడమ కాలు ఎత్తుతుంది. రెండూ అయ్యాక రెక్కలు దులుపుకుని, పెద్దమనిషిలా గడప దాటుతుంది. ఇది చూడడానికి జనం వచ్చేవారు. మా చుట్టాల్ని అందర్నీ నేనే పిలుచుకొచ్చాను. విస్సన్నపేట వైపు షేర్ ఆటో నడిపే గిరిబాబు మా వీధిలో మనుషుల్ని ఎక్కించుకునేటప్పుడు, "పంతులుగారి పుంజు కాళ్ళు కడుక్కుంటోందండీ, చూడండి," అని ఆటో ఆపేవాడు. నీళ్ళు పడుతున్నంతసేపూ అది కళ్ళు సగం మూసుకుని నిలబడేది. దానికీ ఏవో కలలు వస్తున్నట్టే ఉండేది.

శివరాత్రి వెళ్ళి ఎండలు ముదురుతున్నప్పుడు గులాబి కుంటడం మొదలుపెట్టింది.

పట్టుకుని చూస్తే కుడి అరికాల్లో రేగుపండంత వాపు, దాని మీద నల్లటి పెచ్చు. ముల్లు గుచ్చుకుందనుకున్నాం. నేను ఆముదం వేడి చేసి పసుపు కలిపి పట్టించాను. మా ఇంట్లో కోడికి కాలు పోతే మేం చేసే వైద్యం వేరు, అది నోటిదాకా వచ్చింది గానీ రమగారి మొహం చూసి మింగేశాను. పసుపుతో తగ్గలేదు. చివరికి గంపలో పెట్టి, పైన పాత చీర కప్పి, గిరిబాబు ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం.

డాక్టరు గ్లోరి చిన్నపిల్ల, చేతులు మాత్రం నెమ్మది. "అరికాల్లో చీము గట్టిపడి గింజలాగా అయిందమ్మా," అంటూ పెచ్చు లేపి ఆ గింజ తీసేసింది. రమగారు అటు తిరిగి కళ్ళు మూసుకుంది. నేను పుంజుని పట్టుకున్నాను, అది నన్ను పొడిచింది. గోరువెచ్చని పర్మాంగనేటు నీళ్ళలో కాసేపు కాలు ముంచి, తుడిచి, బాగా ఆరాక ఆయింట్‌మెంటు పెట్టి కట్టు కట్టమంది.

"అది తిరిగే నేల తడిగా ఉంటుందా?" అని అడిగింది.

"తడా! ఈ ఎండల్లో మా పెరట్లో మట్టి కూడా పేలిపోతోందండీ," అన్నాను నేనే ముందు.

"లేదమ్మా, పొడిగానే ఉంటుంది," అంది రమగారు.

మేమిద్దరం అబద్ధం చెప్పలేదు.

ఆ మధ్యాహ్నాలు నేను మర్చిపోలేను. పంతులుగారు భోంచేసి నడుం వాల్చేవారు. రమగారు వసారాలో గోడకి చేరగిలబడి, ఒళ్ళో పుంజుని పెట్టుకుని, దాని కాలు బేసినులో ముంచి కూర్చునేది. నేను పక్కన చింతపండు గింజలు తీస్తూ ఉండేదాన్ని. ఎవరి తోటనుంచో మామిడిపూత వాసన వచ్చేది. బేసినులో మందునీళ్ళు గులాబీ రంగులో మెరిసేవి, ఆ మెరుపు కప్పు మీద వణికేది. "మళ్ళీ పుట్టినప్పటి రంగులోకి వెళ్ళిపోతోందండీ ఇది," అనేది రమగారు. ఏదో కల చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేది. చూస్తే ఆవిడా నిద్రపోయేది, పుంజూ నిద్రపోయేది. నీళ్ళు చల్లారిపోతాయని లేపబోయి, లేపబుద్ధి కాక నేనే కాలు బయటికి తీసి, తుడిచి, కట్టు కట్టేదాన్ని. కట్టుకి పంతులుగారి పాత పంచె చింపి ఉతికిన గుడ్డలు. కోడి కాలికి జరీ అంచు!

కట్టు ఉన్నంతకాలం ఆ కాలిని వదిలేసి, రెండో కాలు మాత్రం కడిగేది రమగారు. పుండు మానింది. కట్టు విప్పేశాం. గులాబి మళ్ళీ కుళాయి దగ్గర రెండు కాళ్ళూ ఎత్తింది, అందరం చప్పట్లు కొట్టినంత పని చేశాం. కొన్నాళ్ళకి అదే చోట మళ్ళీ వాపు. మళ్ళీ గింజ, మళ్ళీ పర్మాంగనేటు, అన్నంలో నూరి కలిపిన మాత్రలు. మానింది. మళ్ళీ వచ్చింది. ఈసారి కుడి కాలికి కట్టు ఉండగానే ఎడమ కాలికీ మొదలైంది.

డాక్టరు గ్లోరి ఆ కాలు నొక్కి నొక్కి చూసింది. "అమ్మా, ఇది ఎముకలోకి దిగితే నేను చేసేదేం లేదు. కాలు తీసేస్తే ఇంత బరువు పుంజు ఒంటికాలి మీద బతకదు," అంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో రమగారు గంప మీద చెయ్యి వేసుకుని, బయటికి చూస్తూ కూర్చుంది. ఆ రోజు గాలి గురించి ఏమీ అనలేదు. నాకు భయం వేసింది.

సంగతి బయటపడింది మా వదిన వచ్చినప్పుడు. విస్సన్నపేట నుంచి వస్తూనే, "ఏదీ, కాళ్ళు కడుక్కునే పుంజు?" అంది. గులాబి కుంటుకుంటూ వచ్చి, కట్టులేని ఎడమ కాలు ఎత్తింది, వాపుతోనే. రమగారు చెంబుతో నీళ్ళు పోసింది. మా వదిన మురిసిపోయింది. నేను పుంజుని ఎత్తుకుని ఆ కాలు దగ్గరగా చూశాను. వేళ్ళ సందులు తెల్లగా నాని, చర్మం పాచిపోయి ఉంది. అలాంటి కాళ్ళు నేను చూడకపోవడమేంటి? పెనుగొలనులో నాట్ల రోజుల్లో బురదలో నాని నాని మా అమ్మ కాళ్ళు అలాగే ఉండేవి, నడవలేక ఏడ్చేది. ఆ కాలిని వదిలి, కుడి కాలి కట్టు విప్పాను. కడగని ఆ కాలు పొడిగా, సగం మాని ఉంది.

"రమగారూ," అన్నాను, "దీనికి తెగులు ఎక్కణ్ణుంచో రాలేదండీ. మనమే నానబెడుతున్నాం."

ఆవిడ ముందు నవ్వింది. తర్వాత చేతిలో చెంబు కేసి చూసింది. దాన్ని మెల్లిగా గట్టు మీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది, తుడుచుకుంటూనే ఉంది.

డాక్టరుకి ఫోన్ చేస్తే, "ఇంట్లోకి వచ్చిన ప్రతిసారీ కడుగుతారా? ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా?" అని మొత్తుకుంది.

"కాళ్ళు కడుక్కోవడం కూడా చెప్పాలాండీ?" అంది రమగారు. నిజంగానే తెలియక అడిగింది. మాకు అది నీళ్ళ లెక్కలోకి రాదు, ఊపిరి తీసుకున్నట్టే.

చెమ్మ తగలకూడదంది డాక్టరు. కాలు ముంచడం కూడా ఇక మానేసి, దూదితో తుడిచి మందు పెట్టమంది. ఆ సాయంత్రం రమగారు వసారాలో పొడి ఇసుక పోసి, పైన ఊక పరిచి, గులాబికి అక్కడ చోటు చేసింది. కడగని కాళ్ళతో లోపలికి వీల్లేదు కదా మరి.

"పంతులుగారిని అడగండి," అన్నాను.

"అడిగితే సరే అంటారు సరోజిని గారూ. అనేసి, ఆ నేల మీద కూర్చుని అన్నం తినలేక మెల్లిగా లేచిపోతారు. నన్నేమీ అనరు. అది నేను చూడలేను," అంది.

గులాబికి ఈ గొడవంతా ఏం తెలుసు? ఇంట్లోకి వెళ్ళాలంటే కాళ్ళు కడగాలి, దానికి తెలిసిన లోకమంతా ఆ ఒక్క మాటే. పొద్దున్నే వెళ్ళి కుళాయి కింద నిలబడి కాలెత్తేది. రమగారు కుళాయిని బిగించి గుడ్డ చుట్టి కట్టేసింది. అయినా నిలబడేది. ఒక కాలు నొప్పి, రెండో కాలూ నొప్పి, తూలుతూ, ఎత్తిన కాలు దించకుండా ఎండలో అలాగే. పంతులుగారి కోసం గేటు దగ్గర బక్కెట్టు పెడితే, ఆయన కాళ్ళు కడుక్కునేటప్పుడు పక్కన చేరి కాలు చాచేది. రమగారు తోలేసేది. అదేం తప్పు చేసిందో దానికి అర్థమయ్యేది కాదు. తిండి తగ్గించింది. కూత మానేసింది.

తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చేది. దేనికి మెలకువ వచ్చిందో తెలిసేది కాదు. ఏమీ వినపడకే వచ్చేదనుకుంటాను.

"కలలు రావడం లేదండీ," అంది రమగారు ఒకరోజు. "కళ్ళు మూసుకుంటే తెల్లగా ఉంటుంది, అంతే."

నాకు ఒళ్ళు మండింది. "మీ ఆయన మడి కోసం నోరులేని ప్రాణిని చంపుకుంటారా? ఆయన లేనప్పుడు లోపలికి తెచ్చుకోండి. నేల కడుక్కుంటే సరిపోయె!" అని కేకలేశాను.

పాపం, ఆ దొంగతనం కూడా చేసింది. గడప అవతల నుంచి పిలిచింది. అది రాలేదు. ఎత్తుకొచ్చి నట్టింట్లో దింపితే, ఎర్ర గచ్చు మీద ఒక్క క్షణం నిలబడి, తప్పు చేసినట్టు గబగబా కుంటుకుంటూ మళ్ళీ కుళాయి దగ్గరికే పోయింది. రానివ్వాలని ఆవిడ అనుకున్నా, కాళ్ళు కడగందే రానని అది కూర్చుంది. ఆ ఇంటి మడి ఆ ఇంట్లో అందరికంటే దానికే ఎక్కువ పట్టింది.

మామిడికాయలు బజారులోకి వచ్చిన రోజులు. మిట్టమధ్యాహ్నం, వీధిలో ఎండ తెల్లగా మరుగుతోంది, కానుగ ఆకు కదలడం లేదు. నేను గోడ దగ్గర వడియాలు తిరగేస్తున్నాను. రమగారు గడప లోపల నేల మీద కూర్చుని, అరచేతిలో నూకలు పట్టుకుని చెయ్యి చాచింది. "రా నాన్నా, కడగొద్దు. అలాగే రా. నేను చెబుతున్నాగా, రా," అంటోంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. పుంజు కుళాయి కింద కాలెత్తి నిలబడి, ఆవిడ కేసే చూస్తోంది.

గేటు చప్పుడైంది. పంతులుగారు.

వాళ్ళిద్దరూ ఆయన్ని చూసుకోలేదు. ఆయన ఆ మాటలన్నీ విన్నారు. బక్కెట్టు దగ్గరికి వచ్చి చెంబు ముంచారు. నీళ్ళ చప్పుడుకి గులాబి తిరిగి, తూలుకుంటూ ఆయన పక్కకి వచ్చి, రోజూలాగే కాలు చాచింది. ఆ కాలు వణుకుతోంది. ఆయన చెంబు పట్టుకుని దాని కాలు చూశారు, గడపలో భార్యని చూశారు. ఇంట్లోకి కోడిపిల్ల వచ్చిన రోజున చూసినట్టే, చాలాసేపు.

చెంబులో నీళ్ళు మళ్ళీ బక్కెట్టులో పోసేశారు. గుడి నుంచి బజారంతా నడిచి వచ్చిన మట్టికాళ్ళు. ఆయన ఆ కాళ్ళతో వసారా ఎక్కి, కుడి కాలు ముందు పెట్టి గడప దాటి ఇంట్లోకి నడిచారు. నా ఎరుకలో అలా ఎన్నడూ జరగలేదు.

గులాబి బక్కెట్టు కేసి చూసింది. ఆయన వీపు కేసి చూసింది. ఎత్తిన కాలు నేల మీద పెట్టి, ఆయన వెనకే కుంటుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

నా నోరు ఊరుకుంటుందా? "పంతులుగారూ, కాళ్ళు!" అన్నాను గోడ మీంచి.

ఆయన లోపల్నుంచే, "గుళ్ళోంచి వచ్చి వెంటనే కాళ్ళు కడుక్కోకూడదని మీరంతా అంటారు కదా సరోజినమ్మా," అన్నారు.

"మీరంటే గుళ్ళోంచి వచ్చారు. మరి అది?"

"నా వెనకాలే వచ్చిందిగా," అన్నారు. ఆ తర్వాత, "రమా, ఆకలేస్తోంది, వడ్డించు," అన్నారు.

తలుపు తీసే ఉంది కాబట్టి చూశాను. ఆ నేల మీదే పీట వేసుకుని కూర్చుని, మజ్జిగలోకి మారు అన్నం అడిగి మరీ తిన్నారు. పక్కన గులాబి నూకలు ఏరుకుంటోంది. రమగారు అడక్కుండానే ఇంకో గరిటె మజ్జిగ పోసింది.

గులాబి కాళ్ళు మానడానికి మామిడిపళ్ళ కాలమంతా పట్టింది. మళ్ళీ వాపు రాలేదు. పంతులుగారు ఇప్పుడు కుళాయి దగ్గర ఆగరు, ఇంట్లోకి నడిచి వెళ్ళి, పుంజు కంటపడకుండా పెరటి వైపు దొడ్లో కాళ్ళు కడుక్కుంటారు. తెల్లవారుజామున కూత వినపడుతుంది, ఆ వెంటనే కల. నేను తిట్టుకుంటూనే వింటాను. మొన్న నాకూ ఒక కల వచ్చింది, ఈ వయసులో! ఏమంత లేదు, ఒక తెల్లటి పుంజు మా గడప ముందు నిలబడి కాలెత్తింది, అంతే. వెంటనే లేచి, గోడ దగ్గరికి పరుగెత్తి రమగారికి చెప్పేశాను.

పంతులుగారు మట్టికాళ్ళతో గడప దాటిన ఆ మధ్యాహ్నం ఇంకొకటి కూడా చూశాను. భోజనాలయ్యాక ఆ ఎర్ర గచ్చు మీద, గడప నుంచి పీట దాకా, మట్టి అడుగులు రెండు రకాలవి పక్కపక్కనే పడి ఉన్నాయి. పెద్ద పాదాలు, వాటి వెనక మూడేసి వేళ్ళ చిన్న గుర్తులు. ఒక్క నీటిచుక్క పడినా తుడిచే మనిషి రమగారు. కృష్ణాష్టమికి చిన్ని పాదాలు వేసినప్పుడు ఎలా పక్కనుంచి నడుస్తుందో అలాగే నడిచింది, సాయంత్రం దీపం పెట్టేదాకా వాటిని తుడవలేదు.